దీపముండగానే ఇల్లు చక్కబెట్టే యు.పి.ఎస్.

విద్యార్థులారా! సాయంకాలం మీరు కంప్యూటరు ముందు కూర్చుని సైన్సు ప్రాజెక్టు రాసుకుంటున్నారనుకోండి. ఉన్నట్టుండి కరెంటు పోయింది. ఫాను ఆగిపోయింది. దీపం ఆరిపోయింది. కాని కంప్యూటరు తెర మాత్రం వెలుగుతూనే ఉన్నది. బల్ల కింద ఉన్న నల్లని పెట్టె ఒకటి కొన్ని సెకండ్లకు ఒకసారి "కీచ్... కీచ్..." మని అరుస్తున్నది.

ఆ పెట్టె పేరే యు.పి.ఎస్. "అన్‌ఇంటరప్టిబుల్ పవర్ సప్లై" అనే మూడు ఇంగ్లీషు మాటలకు అది పొట్టి పేరు. ఎడతెగని విద్యుత్ సరఫరా అని దాని అర్థం.

మరి ఆ అరుపుకు అర్థం ఏమిటి? "భయం లేదు, నేనున్నాను, నీ పని నువ్వు చేసుకో" అంటున్నదని చాలామంది అనుకుంటారు. నిజానికి అది చెబుతున్నది వేరు. "నా దగ్గర ఉన్నవి కొద్ది నిమిషాలే, త్వరగా సర్దుకో" అంటున్నది. ఈ రెండు మాటలకూ ఎంత తేడా ఉన్నదో తెలియక మా బడిలో ఏం జరిగిందో ముందుగా చెబుతాను.

మా బడిలో జరిగిన సంగతి

కొన్నేళ్ళ కిందటి మాట. పదో తరగతి పరీక్షకు వెళ్ళే పిల్లల వివరాలను, అంటే నామినల్ రోల్స్‌ను, కంప్యూటరులో ఎక్కిస్తున్నాం. మొత్తం 62 మంది. ఒక్కొక్కరి పేరు, తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన తేదీ, పుట్టుమచ్చలు. మర్నాడే ఆఖరి గడువు. గుమాస్తాగారు మధ్యాహ్నం నుంచీ టైపు చేస్తున్నారు. నేను పక్కన కూర్చుని రిజిస్టరు చదువుతున్నాను.

నాలుగు గంటల వేళ కరెంటు పోయింది. యు.పి.ఎస్. అరవసాగింది. "యు.పి.ఎస్. ఉన్నదిగా, కానివ్వండి" అన్నాను. మరో పది నిమిషాల్లో ఆఖరి పేరు కూడా పూర్తయింది. ఒకసారి కాగితం మీద సరిచూసుకుందామని ప్రింటరుకు పని అప్పజెప్పాం. అంతే! యు.పి.ఎస్. ఆపకుండా ఒక పెద్ద కూత పెట్టి టక్కున ఆగిపోయింది. తెర నల్లబడింది. మూడు గంటల పని ఒక్క క్షణంలో పోయింది. మధ్యలో ఒక్కసారైనా దాన్ని 'సేవ్' చేయలేదు.

రాత్రి కరెంటు వచ్చాక మళ్ళీ మొదటి నుంచి ఎక్కించాం. తొందరలో ఒక అమ్మాయి పుట్టిన తేదీ 16 కు బదులు 19 అని పడింది. సరిచూసే చీటీలో కూడా అది ఎవరి కంటా పడలేదు. సర్టిఫికెట్టు చేతికి వచ్చాక గాని తెలియలేదు. ఆమె తండ్రి కూలి పని చేసుకునే మనిషి. ఆ ఒక్క అంకె దిద్దించడానికి నాలుగు రోజుల కూలి పోగొట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగాడు.

ఆ ప్రింటరును యు.పి.ఎస్. కు తగిలించినది మరెవరో కాదు, నేనే. 'సామర్థ్యం = వోల్టేజి × విద్యుత్ ప్రవాహం' అని ఏటేటా నల్లబల్ల మీద రాసే నేను, ఆ పెట్టె వెనుక ఉన్న చీటీని ఒక్కసారి కూడా చదవలేదు. ఆ పొరపాటు మీరు చేయకూడదు. అందుకు ముందు ఆ పెట్టె ఎలా పనిచేస్తుందో తెలుసుకోవాలి.

పెట్టె లోపల ఏమున్నది?

మన ఇంటికి వచ్చేది ఏకాంతర విద్యుత్తు. దాని వోల్టేజి 230 వోల్టులు, పౌనఃపున్యం 50 హెర్ట్‌జ్. అంటే ఒక సెకండులో 50 ఆవర్తనాలు పూర్తవుతాయి. ఒక్కొక్క ఆవర్తనానికి 20 మిల్లీ సెకండ్లు పడుతుంది. ఈ ఏకాంతర విద్యుత్తును ఉన్నదున్నట్టుగా డబ్బాలో పోసి దాచుకోలేం. దాన్ని ఏకముఖ విద్యుత్తుగా మార్చి బ్యాటరీకి ఎక్కించాలి. కావలసినప్పుడు బ్యాటరీ నుంచి తీసి మళ్ళీ ఏకాంతర విద్యుత్తుగా మార్చుకోవాలి.

కాబట్టి యు.పి.ఎస్. లో ముఖ్యంగా నాలుగు భాగాలుంటాయి. బ్యాటరీని నింపే చార్జరు ఒకటి. శక్తిని నిల్వ చేసే బ్యాటరీ రెండోది. బ్యాటరీ ఇచ్చే ఏకముఖ విద్యుత్తును 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తుగా మార్చే ఇన్వర్టరు మూడోది. కరెంటు పోయిందని కనిపెట్టి దారి మళ్ళించే మీట నాలుగోది.

మన యు.పి.ఎస్. లలో ఎక్కువగా ఉండేది సీసపు బ్యాటరీ. గాస్టన్ ప్లాంటే అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు 1859 లో దీన్ని కనిపెట్టాడు. ఇందులో ఒక పలక సీసంతోనూ, మరొక పలక సీసపు డయాక్సైడుతోనూ తయారవుతాయి. రెండింటి మధ్య సజల సల్ఫ్యూరిక్ ఆమ్లం ఉంటుంది. బ్యాటరీ కరెంటు ఇస్తున్నప్పుడు రెండు పలకల మీదా సీసపు సల్ఫేటు ఏర్పడుతుంది. ఆమ్లం పలచబడుతుంది. చార్జి చేస్తే ఇదంతా వెనక్కి నడుస్తుంది. ఒక్కొక్క ఘటం సుమారు 2 వోల్టులు ఇస్తుంది. అటువంటి ఆరు ఘటాలను శ్రేణిలో కలిపితే 12 వోల్టుల బ్యాటరీ అవుతుంది.

మీ తాతగారిని ఒక సంగతి అడిగి చూడండి. పాతకాలపు తీగ టెలిఫోను కరెంటు లేనప్పుడు కూడా మోగేది. ఎందుకని? టెలిఫోను ఎక్స్ఛేంజిలో సీసపు ఘటాల వరుస ఒకటి ఉండేది. 48 వోల్టుల విద్యుత్తు అక్కడి నుంచి తీగ వెంట మీ ఇంటి దాకా వచ్చేది. 'యు.పి.ఎస్.' అన్న పేరు ఎవరూ వినని రోజుల్లోనే ఆ పని అక్కడ జరిగిపోతూ ఉండేది.

రెప్పపాటు కన్న తక్కువ

మీకు ఇక్కడ ఒక సందేహం రావాలి. కరెంటు పోయిన క్షణానికీ, ఇన్వర్టరు అందుకునే క్షణానికీ మధ్య కొంత ఖాళీ ఉండాలి కదా! ఆ ఖాళీలో కంప్యూటరు ఎందుకు ఆగిపోదు?

ఖాళీ ఉన్న మాట నిజమే. మామూలు యు.పి.ఎస్. లో అది సాధారణంగా 10 మిల్లీ సెకండ్ల లోపే. అంటే ఒక ఆవర్తనంలో సగం. ఆ కాస్త సేపూ కంప్యూటరును దాని లోపలి కెపాసిటర్ కాపాడుతుంది. కుళాయి ఆగిపోతే మనం ముందు చేతిలోని చెంబులో నీళ్ళు వాడుకుంటాం. ఆ తర్వాత గోళెం దగ్గరకు వెళతాం. ఇక్కడ కెపాసిటర్ చెంబు, బ్యాటరీ గోళెం. చెంబులో నీళ్ళు అయిపోయే లోపు గోళెం మూత తీయగలిగితే చాలు.

ఇంటికంతకూ పెట్టుకునే ఇన్వర్టరుకు ఈ తొందర ఉండదు. దీపాలూ ఫాన్లూ ఒక్క క్షణం తటపటాయించినా నష్టం లేదు. అందుకే కొన్ని ఇళ్ళలో ఇన్వర్టరు ఉన్నా, కరెంటు పోగానే కంప్యూటరు ఆగి మళ్ళీ మొదలవుతుంది. చాలా ఇన్వర్టర్ల వెనుక 'యు.పి.ఎస్.' అని రాసిన మీట ఒకటి ఉంటుంది. దాన్ని ఆ వైపు పెడితే ఇన్వర్టరు త్వరగా అందుకుంటుంది.

మూడు రకాలు

దుకాణంలో మూడు రకాల యు.పి.ఎస్. లు కనబడతాయి.

మొదటిది ఆఫ్‌లైన్ రకం. కరెంటు ఉన్నంతసేపూ ఇది దాన్ని నేరుగా కంప్యూటరుకు పంపుతుంది. పోయినప్పుడే బ్యాటరీకి మారుతుంది. ఇది అన్నిటికన్న చవక.

రెండోది లైన్ ఇంటరాక్టివ్ రకం. దీనిలో వోల్టేజిని సరిదిద్దే ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి అదనంగా ఉంటుంది. పొలాల్లో మోటార్లన్నీ ఒకేసారి నడిచే వేళ పల్లెల్లో వోల్టేజి 180 దాకా పడిపోవడం మీరు చూసే ఉంటారు. దీపం మినుకుమినుకుమంటుంది. అప్పుడు ఈ రకం యు.పి.ఎస్. బ్యాటరీని ముట్టుకోకుండానే వోల్టేజిని పెంచి ఇస్తుంది. ఆ మేరకు బ్యాటరీ ఆయుర్దాయం మిగులుతుంది. ఇంటికీ బడికీ సాధారణంగా ఇదే సరిపోతుంది.

మూడోది ఆన్‌లైన్ రకం. ఇది వచ్చిన ఏకాంతర విద్యుత్తును ఎల్లప్పుడూ ఏకముఖంగా మార్చి, మళ్ళీ ఏకాంతరంగా మార్చి ఇస్తూనే ఉంటుంది. బ్యాటరీ మధ్యలో ఎప్పుడూ కలిసే ఉంటుంది. కాబట్టి కరెంటు పోయినా దారి మళ్ళించే పనే లేదు, ఖాళీయే లేదు. కాని రెండు మార్పుల్లోనూ కొంత శక్తి వేడిగా పోతుంది. ధర కూడా ఎక్కువ. ఆస్పత్రులలో ప్రాణం నిలిపే యంత్రాలకు, పెద్ద సంస్థల కంప్యూటర్లకు దీన్ని వాడతారు. కరెంటు పోయాక డీజిలు జనరేటరు అందుకోవడానికి పట్టే కొన్ని సెకండ్లను ఇది దాటిస్తుంది. చూశారా! అక్కడ కూడా యు.పి.ఎస్. పని కొంచెం సమయం సంపాదించి పెట్టడమే.

చీటీ మీద రెండు అంకెలు

ఇప్పుడు నేను చదవకుండా వదిలేసిన చీటీ దగ్గరకు వద్దాం. మా బడి యు.పి.ఎస్. వెనుక '600 వి.ఏ., 360 వాట్లు' అని ఉన్నది. దుకాణంవారు మొదటి అంకెనే చెబుతారు, అది పెద్దది గనుక. మీరు రెండోదాన్ని కూడా చూడాలి.

వి.ఏ. అంటే వోల్టు-ఆంపియరు. వోల్టేజిని విద్యుత్ ప్రవాహంతో గుణిస్తే వచ్చేది అది. ఏకముఖ విద్యుత్తులో ఆ లబ్ధమే వాట్లు. ఏకాంతర విద్యుత్తులో అన్ని వేళలా అలా కాదు. తాడు కట్టి ఒక బండిని లాగుతున్నారనుకోండి. తిన్నగా లాగితే మీ బలమంతా బండిని నడిపిస్తుంది. ఏటవాలుగా లాగితే తాడు మీద అంతే బలం పడుతుంది గాని, బండిని ముందుకు నడిపించేది అందులో కొంతే. అలాగే వోల్టేజీ, ప్రవాహమూ ఒకే అడుగులో నడవనప్పుడు నిజంగా జరిగే పని లబ్ధం కన్న తక్కువగా ఉంటుంది. ఈ నిష్పత్తిని పవర్ ఫాక్టర్ అంటారు. మా యు.పి.ఎస్. కు అది 360 ÷ 600 = 0.6. అంటే పేరుకు 600 అయినా, 360 వాట్లకు మించిన బరువు దాని మీద వేయకూడదు.

ఇక ప్రింటరు సంగతి చూడండి. అది లేజర్ ప్రింటరు. దాని వెనుక '4 ఆంపియర్లు' అని ఉన్నది. 230 × 4 = 920. ఇంత ఎందుకు కావాలి? లేజర్ ప్రింటరు నల్లని పొడిని కాగితం మీద పరిచి, సుమారు 200 డిగ్రీల సెల్సియస్ వేడి ఉన్న రోలరు కింద కరిగించి అంటిస్తుంది. అందుకే అప్పుడే వచ్చిన కాగితం చేతికి వెచ్చగా తగులుతుంది. ఆ రోలరు వేడెక్కే క్షణంలో ప్రింటరు ఇస్త్రీపెట్టెతో సమానం. 360 వాట్ల పెట్టె మీద తొమ్మిది వందల వాట్ల బరువు! అది ఆగిపోకపోతేనే ఆశ్చర్యపడాలి.

కనుక కొనే ముందు మీరు చేయవలసిన లెక్క ఇది. ఏయే పరికరాలు ఆగకూడదో రాసుకోండి. ఒక్కొక్కదాని వాట్లు రాసి కూడండి. మామూలు డెస్క్‌టాప్ కంప్యూటరు, దాని తెర కలిపి సుమారు 100 వాట్లు అనుకోవచ్చు. వచ్చిన మొత్తం యు.పి.ఎస్. వాట్లలో మూడు వంతులకు మించకుండా చూసుకోండి. 360 లో మూడు వంతులంటే 270. అంటే ఇటువంటి కంప్యూటర్లు రెండు దాని మీద హాయిగా నడుస్తాయి.

ఇస్త్రీపెట్టె, నీళ్ళు కాచే హీటరు, లేజర్ ప్రింటరు వంటి వేడి పుట్టించేవీ, మిక్సీ, ఫ్రిజ్, ఫాను వంటి మోటారు ఉన్నవీ ఈ చిన్న యు.పి.ఎస్. కు తగిలించకూడదు. మోటారు మొదలయ్యే క్షణంలో మామూలు కన్న ఎన్నో రెట్లు ప్రవాహాన్ని గుంజుకుంటుంది. పైగా చవక యు.పి.ఎస్. ఇచ్చే తరంగం నునుపైన సైన్ తరంగం కాదు, మెట్లు మెట్లుగా ఉంటుంది. కంప్యూటరు దాన్ని ఎలాగూ ఏకముఖంగా మార్చుకుంటుంది గనుక దానికి బాధ లేదు. మోటారు మాత్రం గుర్రుమని వేడెక్కుతుంది.

ఎంతసేపు వస్తుంది?

ఇప్పుడు అసలు ప్రశ్న. 600 వి.ఏ. యు.పి.ఎస్. లో సాధారణంగా 12 వోల్టులు, 7 ఆంపియరు-గంటల బ్యాటరీ ఒకటి ఉంటుంది. ఈ రెంటినీ గుణించండి.

12 × 7 = 84 వాట్-గంటలు.

మీ కరెంటు బిల్లులోని ఒక యూనిట్ అంటే 1000 వాట్-గంటలు. అంటే ఆ బరువైన బ్యాటరీలో ఉన్నది ఒక యూనిట్లో పన్నెండో వంతు మాత్రమే! 84 ను 3600 తో గుణిస్తే 3,02,400 జౌళ్ళు. వెయ్యి కిలోల బరువును సుమారు 30 మీటర్ల ఎత్తుకు లేపడానికి అంత శక్తి కావాలి. యంత్రశక్తిగా చూస్తే అది పెద్దదే. కాని విద్యుత్ పరికరాలు ఎంత తిండిపోతులో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇందులో ఇన్వర్టరు దగ్గర వేడిగా పోయేది పోగా, నూటికి 80 వంతులు మనకు అందుతాయనుకుందాం. సుమారు 67 వాట్-గంటలు. కంప్యూటరుకు 100 వాట్లు కావాలి. 67 ÷ 100 అంటే గంటలో 0.67 వంతు, సుమారు 40 నిమిషాలు. లెక్క ప్రకారం ఇంతే రావాలి. కాని గడియారం పెట్టి చూస్తే కొత్త బ్యాటరీతో కూడా దాదాపు 20 నిమిషాలే వస్తుంది. మన లెక్క తప్పా?

లెక్క తప్పు కాదు, బ్యాటరీ స్వభావం అటువంటిది. వేసవిలో బావిని గమనించారా? బిందెతో నిదానంగా తోడుకుంటే ఊట ఊరుతూ రోజంతా నీళ్ళు అందుతాయి. మోటారు పెట్టి లాగితే కాసేపట్లో అడుగు కనిపిస్తుంది. కొంతసేపు ఆగితే మళ్ళీ నీళ్ళు చేరతాయి. బ్యాటరీ కూడా అంతే. 7 ఆంపియరు-గంటలు అన్న అంకె, 20 గంటల పాటు 0.35 ఆంపియరు చొప్పున నిదానంగా తీసినప్పటిది. మన కంప్యూటరు దాని నుంచి సుమారు 10 ఆంపియర్లు లాగుతుంది. ఆ వేగానికి ఆమ్లం పలకల సన్నని రంధ్రాలలోకి తగినంత త్వరగా చేరలేదు. కాబట్టి బ్యాటరీలో శక్తి మిగిలి ఉండగానే వోల్టేజి పడిపోతుంది. ఎంత వేగంగా వాడితే అంత తక్కువ దక్కుతుందన్న ఈ సంబంధాన్ని 1897 లో ప్యూకెర్ట్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు సూత్రంగా రాశాడు.

ఈ లెక్క నుంచి ఒక పెద్ద సంగతి తేలుతున్నది. మీకు కావలసింది నిమిషాలా, గంటలా? చేస్తున్న పని భద్రపరచి, కంప్యూటరును పద్ధతిగా ఆపడానికైతే చిన్న యు.పి.ఎస్. చాలు. దీపాలూ ఫాన్లూ గంటల తరబడి నడవాలంటే ఇన్వర్టరు కావాలి. దాని బ్యాటరీ 12 వోల్టులు, 150 ఆంపియరు-గంటలు అయితే 1800 వాట్-గంటలు. మన చిన్న బ్యాటరీకి ఇరవై రెట్లు పైనే. ఇక 2014 అక్టోబరు 12 న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నాన్ని తాకినప్పుడు రోజుల తరబడి కరెంటు లేకపోయింది. అటువంటప్పుడు ఇన్వర్టరు కూడా చేతులెత్తేస్తుంది. ఏ పరికరం ఎంతవరకు ఆదుకోగలదో ముందే తెలుసుకుని ఉండాలి.

లాప్‌టాప్ ఉన్నవారికి యు.పి.ఎస్. అక్కర లేదు. దాని బ్యాటరీయే దాని యు.పి.ఎస్. కాని కరెంటు పోగానే ఇంటర్నెట్ రౌటరు ఆగిపోతుంది. రౌటరుకు కావలసింది సుమారు 10 వాట్లే, అదీ సాధారణంగా 12 వోల్టుల ఏకముఖ విద్యుత్తు. దీనికోసం లిథియం అయాన్ ఘటాలతో చేసిన చిన్న డి.సి. యు.పి.ఎస్. లు దొరుకుతున్నాయి. ఏకాంతరంగా మార్చడం, మళ్ళీ ఏకముఖంగా మార్చడం అన్న రెండు నష్టాలూ వీటిలో లేవు. రౌటరు మీద రాసిన వోల్టేజి, ప్లస్ మైనస్ గుర్తులు సరిపోతున్నాయో లేదో చూసుకుని కొనాలి.

ఏది కొన్నా పెట్టె మీద భారతీయ ప్రమాణాల సంస్థ గుర్తు ఉన్నదా అని చూడండి. యు.పి.ఎస్. లకు వర్తించే ప్రమాణం ఐ.ఎస్. 16242.

బ్యాటరీకి శత్రువులు

సీసపు బ్యాటరీకి మొదటి శత్రువు వేడి. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే దాని ఆయుర్దాయం దాదాపు సగమవుతుంది. మన ఎండాకాలం దానికి గడ్డుకాలమే. కాబట్టి యు.పి.ఎస్. ను కిటికీ ఎండలో పెట్టకండి. దుమ్ము పడుతుందని దాని మీద గుడ్డ కప్పకండి. గాలి రంధ్రాలు మూసుకుపోతాయి.

రెండో శత్రువు ఖాళీగా ఉండటం. కరెంటు అయిపోయిన బ్యాటరీని అలాగే వదిలేస్తే పలకల మీది సీసపు సల్ఫేటు గట్టి స్ఫటికాలుగా మారిపోతుంది. తర్వాత చార్జి చేసినా కరగదు. వేసవి సెలవుల్లో బడి మూసేటప్పుడు బ్యాటరీని నిండా చార్జి చేసి ఆపాలి. మధ్యలో ఒకసారి ఎవరైనా వచ్చి మళ్ళీ చార్జి చేస్తే మరీ మంచిది.

ఇప్పుడు కొన్ని జాగ్రత్తలు. యు.పి.ఎస్. తీగను గోడ నుంచి పీకేసినా దాని వెనుక సాకెట్లలో 230 వోల్టులు ఉంటాయి. అది గుర్తుంచుకోండి. పెట్టెను ఎప్పుడూ విప్పకండి. మూడో పిన్ను, అంటే ఎర్త్ పిన్ను, విరిచేసి వాడకండి. ఇన్వర్టరు బ్యాటరీ చార్జి అవుతున్నప్పుడు హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది. గాలిలో అది నూటికి 4 వంతులు చేరితే నిప్పురవ్వకే పేలుతుంది. కాబట్టి బ్యాటరీని గాలి ఆడే చోట ఉంచాలి. దాని దగ్గర అగ్గిపుల్ల గీయకూడదు. ఆమ్లం నీరు చేతికి తగిలితే వెంటనే ధారాళంగా నీళ్ళతో కడగాలి.

పాడైపోయిన బ్యాటరీని చెత్తలో పారవేయకండి. సీసం కోసం పగలగొట్టకండి. సీసం శరీరంలో చేరితే పిల్లల మెదడుకు హాని చేస్తుంది. 2022 లో మన దేశంలో వచ్చిన నిబంధనల ప్రకారం పాత బ్యాటరీలను తిరిగి సేకరించే బాధ్యత తయారీదారులది. కొత్త బ్యాటరీ కొన్న దుకాణంలోనే పాతది ఇచ్చేయండి.

మీరే చేసి చూడండి

ఇంట్లో పెద్దలకు గాని, బడిలో మాస్టారికి గాని చెప్పి, వారి సమక్షంలో ఈ చిన్న పరీక్ష చేయండి. బ్యాటరీ నిండా చార్జి అయి ఉండాలి. కంప్యూటరులో ముఖ్యమైన పనులన్నీ భద్రపరచి మూసివేయండి. గోడ మీది స్విచ్చి ఆపండి. ప్లగ్గు మాత్రం పీకవద్దు, ఎర్త్ కలిసే ఉండాలి. గడియారం చూడండి. యు.పి.ఎస్. కూత తొందర తొందరగా మారేదాకా ఎన్ని నిమిషాలు పట్టిందో రాసుకోండి. వెంటనే కంప్యూటరును ఆపి, స్విచ్చి తిరిగి వేయండి.

మూడు నెలలకు ఒకసారి ఇలా చేసి, నెలలు ఒక అక్షం మీద, నిమిషాలు మరో అక్షం మీద తీసుకుని గ్రాఫు గీయండి. మొదట్లో గీత దాదాపు సమంగా ఉంటుంది. రెండు మూడేళ్ళకు కిందికి వంగుతుంది. నిమిషాలు మొదటిదానిలో సగానికి దిగిన రోజున బ్యాటరీ మార్చవలసిన సమయం వచ్చిందన్నమాట. కరెంటు పోయిన రోజున తెలుసుకోవడం కన్న ఇలా ముందే తెలుసుకోవడం మేలు కదా!

యు.పి.ఎస్. నుంచి కంప్యూటరుకు యు.ఎస్.బి. తీగ కలిపే వీలుంటే తప్పక కలపండి. మనుషులు దగ్గర లేకపోయినా బ్యాటరీ అయిపోయే లోపు కంప్యూటరు తనంతట తానే పద్ధతిగా ఆగిపోయేటట్టు ఏర్పాటు చేయవచ్చు.

మా బడిలో ఇప్పుడు ప్రింటరు తీగ గోడ ప్లగ్గులో ఉన్నది. యు.పి.ఎస్. మీద 'మొదటి కూతకు సేవ్, రెండో నిమిషంలో ఆఫ్' అని ఒక చీటీ అంటించాం. అది రాసింది తొమ్మిదో తరగతి పిల్లలు. కూత వినబడగానే వాళ్ళ చేతులు వాటంతట అవే కంట్రోల్, ఎస్ మీటల మీదికి వెళతాయి. ఆ తర్వాత మా బడి నుంచి ఏ పిల్లవాడి పుట్టిన తేదీ తొందరపాటు వల్ల తప్పు పడలేదు.

దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలని మన పెద్దలు చెబుతారు. యు.పి.ఎస్. ఇచ్చేది ఆ దీపమే. అది 84 వాట్-గంటల దీపం. ఇల్లు చక్కబెట్టుకోవలసినది మాత్రం మనమే. ఈసారి కరెంటు పోయి, ఆ పెట్టె "కీచ్" మన్నప్పుడు అది ఏం చెబుతున్నదో ఇక మీకు తెలుసు.